ముసురుకి నొప్పి పెరుగుతుంది, జబ్బు కాదు

ఎడిటర్ గారికి,

ముసురు పట్టిందంటే రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవాళ్లకి పొద్దున్నే పిడికిలి బిగియదు. ఇది భ్రమ కాదు. బ్రిటన్‌లో 2,600 మందికి పైగా నొప్పి ఉన్నవాళ్లు రోజూ ఫోన్‌లో నమోదు చేసిన వివరాలతో 2019లో ఒక అధ్యయనం వెలువడింది. తేమ, గాలి ఎక్కువై, వాతావరణ పీడనం తగ్గిన రోజుల్లో నొప్పి పెరిగింది, కానీ కొద్దిగానే. కీలును తినేసేది మాత్రం వాన కాదు, లోపలి పొర మీద దాడి చేసే మన రోగనిరోధక వ్యవస్థే.

ఈ తేడా తెలియక, 'వానాకాలం పోతే అదే తగ్గుతుంది' అని ఈ దాడిని అదుపులో పెట్టడానికి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్ర ఆపేసి, మందుల షాపులో నొప్పి మాత్రలు కొనుక్కోవడం ప్రమాదం. నొప్పి తగ్గినా లోపల ఎముక అరుగుతూనే ఉంటుంది.

పిడికిలి బిగించి చూసుకోండి. కణుపుల మధ్య పల్లాలు కనిపిస్తూ, బిగుతు అరగంటలో వదిలితే చాలావరకు చలి ప్రభావమే. గోరువెచ్చని నీళ్లలో చేతులు ముంచి పది నిమిషాలు మెల్లగా మూస్తూ తెరుస్తుంటే సర్దుకుంటుంది. పల్లాలు వాపుతో పూడిపోయి, బిగుతు గంట దాటుతుంటే జబ్బు తిరగబెట్టినట్టే. వేడిగా ఉబ్బిన కీలుకి కాపడం పెట్టకండి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. ఆ వారంలోనే డాక్టర్‌ని కలవాలి. ముసురు రోజుల్లో తడి దుప్పట్లు చేత్తో పిండే పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించడం మంచిది.

వానల్లో జ్వరమొస్తే ఇంకో చిక్కు. చికున్‌గున్యా నొప్పులు అచ్చం కీళ్లవాతంలాగే ఉంటాయి. జ్వరం ఉన్న వారం మెథోట్రెక్సేట్ వేసుకునే ముందు డాక్టర్‌ని అడగండి. డెంగీ కాదని తేలేదాకా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ముట్టుకోవద్దు, పారాసిటమాల్ చాలు.

ఎండాకాలంలో నొప్పి తగ్గిందని అందరూ నిశ్చింతగా ఉంటారు. కానీ వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే మూత్రపిండాలు మెథోట్రెక్సేట్‌ను సరిగా బయటికి పంపలేవు, మందు ఒంట్లోనే పేరుకుపోతుంది. అప్పుడు నోట్లో పుళ్లు లేస్తే అది వేడి చేయడం అనుకోవద్దు. మాత్ర ఆపి వెంటనే రక్తపరీక్ష చేయించాలి. ఏటా చలికాలం కీళ్లనొప్పుల వ్యాసాలు వేసే మీ ఆరోగ్య పేజీలో ఏప్రిల్‌లో ఈ హెచ్చరిక కూడా వేయమని మనవి.

– ఒక రుమటాలజిస్టు, కాకినాడ