వార్షిక నివేదిక 2024-25: ఎనిమిదో తరగతి పిల్లలు ఐదు రోజులు పనిచోట

సభ్యులందరికీ నమస్కారం.

మిగతా పనుల సంగతి ఈసారి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. వీధి దీపాల కోసం అర్జీ పెట్టాం, సగం వెలిగాయి. వేసవిలో చలివేంద్రం నడిపాం. రక్తదాన శిబిరం వాన వల్ల వాయిదా పడి అలాగే ఉండిపోయింది. సర్వసభ్య సమావేశంలో మీరు ఎక్కువగా అడిగిందీ, కాస్త గట్టిగానే తిట్టిందీ స్కూలు పిల్లల కార్యక్రమం గురించి. అందుకే దాన్ని వివరంగా రాస్తున్నాను.

ముందు కిందటేడాది తప్పు ఒప్పుకోవాలి. 2023-24లో రెండు బస్సులు మాట్లాడి ఒక్క పూటలో ఆరు చోట్లకు పిల్లల్ని తిప్పాం. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. వారం తర్వాత బడికి వెళ్లి ఏం చూశారమ్మా అంటే, ఒక పిల్ల లేచి "సమోసాలు బాగున్నాయండి" అంది. ఆ పిల్ల తప్పేం లేదు, మేం చూపించింది అంతే.

ఈ ఏడాది తిప్పడం మానేశాం. మన పేట జిల్లా పరిషత్ హైస్కూలు ఎనిమిదో తరగతి పిల్లలు 32 మందిని తొమ్మిది చోట్లకు పంచాం. నవంబరు 18 నుంచి 22 వరకు, ఒక్కొక్కరు ఒకే చోట, ఐదు రోజులూ. జాతీయ విద్యా విధానం 2020 కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు సంచీ లేకుండా స్థానిక వృత్తుల వాళ్ల దగ్గర పిల్లలు గడపాలని చెబుతోంది. ప్రధానోపాధ్యాయుల వారికి ఈ మాట చూపించాక అనుమతి తేలిగ్గానే దొరికింది. పది రోజులు మా వల్ల కాలేదు, ఐదుతో సరిపెట్టుకున్నాం.

అసలు చిక్కు వేరే ఉంది. వీళ్లంతా 13 ఏళ్ల పిల్లలు. 14 నిండని వాళ్లని పనిలో పెట్టుకోవడం 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం నేరం. చేతులు కట్టుకుని నిలబెడితే వాళ్లకి ఏమీ అంటదు, చేయించుకుంటే చట్టం ఊరుకోదు. కాబట్టి ఒక మాట అనుకుని యజమానులందరి దగ్గరా కాగితం రాయించుకున్నాం: పిల్లలు చేసింది అమ్మకానికి పోకూడదు, ఏ పనివాడి బదులుగానూ పిల్లవాడు నిలబడకూడదు, రోజుకు నాలుగు గంటలు దాటకూడదు. తప్పో ఒప్పో నేర్చుకోవడానికి వాళ్లకంటూ విడిగా సరుకు ఇవ్వాలి, దాని ఖర్చు సంఘానిది. చిలకలపూడి బంగారం పూత పనికి మాత్రం ఎవర్నీ పంపలేదు. అక్కడ వాడే రసాయనాల దగ్గర పిల్లలుండటం మంచిది కాదని కమిటీ అనుకుంది. బందరులో ఉండి రోల్డుగోల్డు చూపించరా అని కొందరు కోప్పడ్డారు. రాళ్లు అతికే పనికి, ప్యాకింగుకి ఇద్దరిని పంపాం, అంతవరకే.

పెడన కలంకారీ షెడ్డుకి వెళ్లిన ఐదుగురి సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. సోమ, మంగళవారాలు ముసురు. అచ్చు వేసిన గుడ్డ ఆరాలంటే ఎండ కావాలి, పని ఆగిపోయింది. పిల్లల్ని వెనక్కి తెచ్చేద్దామా అని మేం టెన్షన్ పడుతుంటే, షెడ్డాయన పాత టేకు అచ్చుల గుట్ట ముందేసి కూర్చోబెట్టారు. ఒక డిజైనుకి రంగుకో అచ్చు ఉంటుంది. ఏ అచ్చుకి ఏది జతో వెతకమన్నారు. రెండు రోజులూ అదే ఆట. ఒక పిల్ల అంచు అచ్చు వేరే జతలో కలిసిపోయిందని పట్టుకుంటే ఆయనే ఆశ్చర్యపోయారు. అచ్చు వేసేవాళ్లు ఆ రెండు రోజులూ బీడీలు కాల్చుకుంటూ చూరు కింద కూర్చున్నారు. వాళ్లకి వేసిన గుడ్డ లెక్కనే కూలి, వానొస్తే లేదు. ఈ సంగతి ఎవరూ పాఠంగా చెప్పలేదు. ఒక అబ్బాయి నోట్‌బుక్కులో "ఈ రోజు కూలి సున్నా" అని రాసుకున్నాడు.

బుధవారం ఎండ కాసింది. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన చేతిరుమాళ్లు తలా ఒకటి ఇచ్చారు. బెల్లం, ఇనుప ముక్కలు నానబెట్టిన నీళ్లతో అచ్చు వేస్తే వేసినచోటే నలుపు తిరిగింది. ఇనుముకీ కరక్కాయకీ ఉన్న సంబంధం సైన్సు టీచరుగారిని అడుగుదామని అందరూ రాసుకున్నారు. ఎరుపు దగ్గరే గొడవొచ్చింది. పటిక నీళ్లలో జిగురు కలిపి వేస్తారు, వేసినప్పుడు దాదాపు ఏమీ కనపడదు. గురువారమంతా కనపడని పువ్వులు అచ్చు వేసి ఒకడు అలిగాడు కూడా. శుక్రవారం ఉతికి రంగులో ఉడకబెడితే పటిక అంటినచోటల్లా ఎర్రగా తేలింది. అలిగినవాడి రుమాలులో పువ్వు ఆకు మీద పడింది. దాన్నే ఫ్రేము కట్టించమని ఇంట్లో పేచీ పెట్టాడట.

లడ్డూ దుకాణం కూడా బాగా జరిగింది. బందరు లడ్డుకి 2017లో జీఐ (ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందని తెలుసుగానీ, శనగపిండితో వేయించిన దాన్ని దంచి, జల్లించి, పాకం పోసి మళ్లీ దంచుతారని మన పేటలోనే చాలామంది పిల్లలకి తెలీదు. బాండీ దగ్గరికి రానివ్వలేదు. తూకం దగ్గర కూర్చోబెట్టి, డబ్బా బరువు తీసేసి నికర బరువు ఎలా చూడాలో, తగ్గితే ఏమవుతుందో చెప్పారు. తొక్కుడు లడ్డు అనే పేరు ఎందుకొచ్చిందో రోకలి ఎత్తి చూసినవాడికి వేరే చెప్పక్కర్లేదు.

అన్నిచోట్లా ఇలా జరగలేదు. ఒక కార్యాలయంలో ముగ్గురు పిల్లల్ని మూడు రోజులు బెంచీ మీద కూర్చోబెట్టారు, నాలుగో రోజు టీలు తెప్పించారు. ఆ సాయంత్రమే వాళ్లని వెనక్కి తెచ్చి పోస్టాఫీసుకి మార్చాం. ముందుగా ఆ చోట ఒక మనిషిని ఖాయం చేసుకోకపోవడం మా తప్పు. పిల్లల్ని చూసుకుంటామని పై అధికారి చెప్పినా, కింద ఎవరికీ ఆ సంగతి తెలియదు.

తల్లిదండ్రుల కోపం గురించి కూడా రాయాలి. "అచ్చులు వేయించడానికా మేం చదివిస్తోంది" అన్న తండ్రి స్వయానా అచ్చు వేసే మనిషి. ఆయన మాటలో న్యాయం ఉంది. ఆ పని ఆ అబ్బాయి పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాడు. అందుకని వాడిని రక్తపరీక్షల ల్యాబుకి పంపాం, ఉద్యోగస్తుల పిల్లల్ని షెడ్డుకి పంపాం. రెండో వైపు నుంచి కూడా ఫోన్లు వచ్చాయి, అవి ఇక్కడ రాయను.

జమా ఖర్చులు: విరాళాలు రూ.21,500. బస్సు ఛార్జీలు 4,200, మధ్యాహ్న భోజనాలు 9,600, గుడ్డలు, అచ్చు సరుకు, మందుల పెట్టె 2,350, నోట్‌బుక్కులు 1,850. మొత్తం ఖర్చు రూ.18,000. మిగిలిన 3,500 సంఘం ఖాతాలో ఉంది. బిల్లులు కోశాధికారి గారి దగ్గర చూడవచ్చు.

వచ్చే ఏడాదికి కనీసం పన్నెండు చోట్లు కావాలి. ఆడపిల్లలకి మెకానిక్ షెడ్డు చూపించే యజమాని ఒకరైనా దొరికితే బాగుండు, ఇప్పటిదాకా అడిగిన ముగ్గురూ నవ్వి ఊరుకున్నారు. మీ దుకాణంలోగానీ ఆఫీసులోగానీ ఇద్దరు పిల్లలకి చోటిచ్చి, వాళ్లతో మాట్లాడే మనిషిని ఒకరిని చూపించగలిగితే కార్యదర్శికి చెప్పండి. పెడన షెడ్డాయన మళ్లీ సరేనన్నారు, నవంబరు మాత్రం వద్దన్నారు. సంక్రాంతి వెళ్లాక, ఎండ చూసుకుని పంపమన్నారు.