రాలని బొచ్చు ఎటు పోతుంది?

సంపాదకులు గారికి,
నమస్కారం.

విజయవాడ, గుంటూరుల్లో కుక్కపిల్లల ప్రకటనలు చూసేవారికి ఈ మధ్య ఒక వరస బాగా అలవాటై ఉంటుంది: ‘ల్యాబ్రడూడుల్ పిల్లలు. వయసు 45 రోజులు. బొచ్చు రాలదు. అలర్జీ రాదు. అపార్ట్‌మెంట్‌కి చక్కగా సరిపోతుంది.’ వయసు సంగతి నిబంధనలకు విరుద్ధం, బొచ్చు సంగతి సగం నిజం, అలర్జీ సంగతి అబద్ధం. అపార్ట్‌మెంట్ సంగతి కుక్కను బట్టి కాదు, పెంచేవాళ్ల తీరికను బట్టి ఉంటుంది. కుక్కల వైద్యం, గ్రూమింగ్ (బొచ్చు దువ్వి కత్తిరించడం) పనుల్లో ఉన్నవాళ్లం కాబట్టి ఈ మాటలు విడమరిచి చెప్పాలనిపించి రాస్తున్నాం.

ల్యాబ్రడార్‌కూ పూడుల్‌కూ పుట్టిన సంకరం ఇది. బొమ్మలాంటి ఆ ముఖం చూసి చాలామంది మరిచిపోయేదేమిటంటే, తల్లి వైపూ తండ్రి వైపూ ఉన్నవి వేటకుక్కలే. వేటగాడు కాల్చిన బాతును నీళ్లలోంచి నలగకుండా నోట కరుచుకుని తేవడం ల్యాబ్రడార్ పని. పూడుల్‌దీ అదే పని. దాని పేరే నీళ్లలో తపతపలాడటమనే జర్మన్ మాట నుంచి వచ్చింది. ఇప్పుడు షోకుగా కనిపించే ఆ కటింగ్ కూడా వేటగాళ్లదే. ఈతకు అడ్డురాకుండా వెనక భాగం గొరిగేసి, చలి తగలకుండా ఛాతీ మీద, కీళ్ల దగ్గర జుట్టు వదిలేసేవారు. చన్నీళ్ల కోసం తయారైన ఆ ఒళ్లు రోహిణి కార్తెలో విజయవాడలో ఎలా బతుకుతుందన్నది ముందు వేసుకోవాల్సిన ప్రశ్న.

ముందు అలర్జీ. ఆస్ట్రేలియాలో గైడ్ డాగ్ సంస్థలో పనిచేసిన వాలీ కాన్రాన్ 1980ల చివర ఈ సంకరాన్ని ప్రయత్నించారు. హవాయిలో చూపులేని ఒక మహిళకు తోడు కుక్క కావాలి, ఆమె భర్తకేమో కుక్కలంటే అలర్జీ. పుట్టిన మూడు పిల్లల వెంట్రుకలు, లాలాజలం అక్కడికి పంపి చూస్తే ఆయనకు పడింది ఒక్క పిల్లే. అంటే ఆ మొదటి కాన్పులోనే మూడు పిల్లల్లో రెండు తప్పాయి. ఇప్పుడేమో కాన్పులోని పిల్లలన్నింటికీ ఒకే హామీ ఇస్తున్నారు! అలర్జీ తెచ్చే ప్రొటీన్లు వెంట్రుకలో పుట్టవు. లాలాజలంలో, చర్మం మీది పొట్టులో, మూత్రంలో ఉంటాయి. నెదర్లాండ్స్‌లో 2012లో ప్రచురితమైన పరిశోధనలో, అలర్జీ తేవని పేరున్న జాతుల వెంట్రుకల్లో కూడా ఆ ప్రొటీన్ తక్కువేమీ లేదని తేలింది. ఇంట్లో ఆస్తమా ఉన్నవారుంటే బయానా ఇవ్వకముందే ఆ పిల్లతో, దాని తల్లితో రెండు మూడు రోజులు గంటసేపు చొప్పున గడిపి చూడాలి. అంతకన్నా అడ్డదారి లేదు.

ఇక బొచ్చు. ల్యాబ్రడార్‌ను పూడుల్‌తో కలిపితే పుట్టే మొదటి తరంలో ఎక్కువ పిల్లలకు గడ్డం, మీసాలు, అలల జుట్టు వస్తాయి, కొంత రాలుతుంది కూడా. ఆ మొదటి తరాన్ని మళ్లీ పూడుల్‌తో కలిపితే ఉంగరాలు పెరిగి రాలడం బాగా తగ్గుతుంది. మొదటి తరం జంటనే కలిపితే మాత్రం లాటరీ. సగటున నాలుగింట ఒక పిల్ల గడ్డం లేకుండా, ల్యాబ్రడార్‌లాగే బొచ్చు రాల్చేదిగా పుడుతుంది. ‘ఏ తరం?’ అని అడిగితే తడుముకునే అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మంచిది.

రాలని బొచ్చు మాయమైపోదు. నేల మీద పడాల్సిన చచ్చిన వెంట్రుక పక్కనున్న ఉంగరంలో ఇరుక్కుని అక్కడే ఉండిపోతుంది, పైనుంచి చెమ్మ తగిలితే జడ కడుతుంది. సుమారు ఎనిమిదో నెల నుంచి ఏడాది దాటేదాకా పిల్ల జుట్టు పోయి పెద్ద జుట్టు వచ్చేటప్పుడు ఇది మరీ ఎక్కువ. నిన్న సాయంత్రం బాగున్న చెవి వెనకభాగం మర్నాటికి వేలు దూరనంతగా బిగుసుకుంటుంది. గ్రూమింగ్ టేబుల్ మీదికి వచ్చే కుక్కల్లో తరచూ చూసేది ఒకటుంది: పైపైన బ్రష్ చేసి ఉంటారు, మెరుస్తూ ఉంటుంది, స్టీలు దువ్వెన పెడితే అర అంగుళం లోపల గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. లోపలంతా కంబళిలా అట్టకట్టి ఉంటుంది.

దువ్వే పద్ధతి మన ఇళ్లలో అందరికీ తెలిసిందే, పిల్లల తలలో పేలు చూసినట్టు. కుక్కను పక్కకు పడుకోబెట్టి, ఎడమచేత్తో బొచ్చును పైకెత్తి పట్టుకుని చర్మం కనిపించేలా ఒక పాయ తీయాలి. ఆ పాయను స్లిక్కర్ బ్రష్‌తో (సన్నటి తీగల పళ్లున్న బ్రష్) కుదురు నుంచి బయటికి దువ్వాలి, చర్మం గీసుకోకుండా. తర్వాత అదే పాయలో స్టీలు దువ్వెన అడుగంటా దూరి సాఫీగా రావాలి. వచ్చాకే పై పాయకు పోవాలి. చెవుల వెనక, చంకలు, తొడల సందు, తోక మొదలు, పట్టీ ఒరుసుకునే చోటు – ఈ అయిదూ రోజూ, మిగతా ఒళ్లు రోజు విడిచి రోజు. మొత్తం పావుగంట. జడ కట్టినచోట ముందు కొద్దిగా మొక్కజొన్న పిండి చల్లి, వేళ్లతో అంచుల నుంచి విడదీసి, ఆ తర్వాత బ్రష్ పెట్టాలి. కత్తెర పెడితే జడతో పాటు చర్మం లేచి తెగుతుంది. జడలుండగా స్నానం మాత్రం చేయించకూడదు. తడిసి ఆరేసరికి అవి ముడి బిగించినట్టు బిగుస్తాయి, కింద చర్మం చెమ్మకు చీము పడుతుంది.

ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కటింగ్ తప్పదు. ఎండాకాలంలో పూర్తిగా గుండు గీయించేవాళ్లున్నారు, అది తప్పు. చర్మం నేరుగా ఎండకు కమిలిపోతుంది. ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు వదిలి ఒకే మట్టానికి కత్తిరిస్తే గాలి ఆడుతుంది, పిడుదు పాకినా కనిపిస్తుంది, దువ్వడం కూడా అయిదు నిమిషాల పనవుతుంది. కొనేముందే ఈ ఖర్చు నెలల లెక్కన కలుపుకోవాలి.

ఎండ సంగతి ఇంకాస్త చెప్పాలి. కుక్క ఒళ్లు చల్లబడేది ప్రధానంగా వగర్పుతోనే. అరికాళ్లలో పట్టే చెమట లెక్కలోకి రాదు. మన దగ్గర ఎండతో పాటు కృష్ణ ఒడ్డు ఉక్కపోత కూడా ఉంటుంది కాబట్టి వగర్చినా నాలుక మీది తడి ఆవిరి కాదు. దానికి తోడు, బంతి విసిరినంతసేపూ తెస్తూనే ఉండే స్వభావం. అలసిపోయాను అని ఈ జాతి తనంతట తాను చెప్పదు. ఆపాల్సింది మనిషి. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా ఉదయం ఆరున్నరకల్లా నడక ముగియాలి, సాయంత్రం ఏడున్నర తర్వాతే మళ్లీ బయటికి. రోడ్డు మీద అరచేతి వెనకభాగం ఏడు సెకన్లు ఆన్చలేకపోతే దాని పాదాలూ ఆన్చలేవు.

మామూలు ఒంటివేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 దాటితే వడదెబ్బే. నాలుక ఇటుక రంగుకు తిరగడం, జిగట సొంగ, తూలడం, వాంతి దాని గుర్తులు. అప్పుడు నీడకు చేర్చి కుళాయి నీళ్లు ఒళ్లంతా పోయాలి. ఉంగరాల జుట్టు మీద పోసిన నీళ్లు పైనుంచే జారిపోతాయి కాబట్టి వేళ్లతో బొచ్చు విడదీసి పొట్టకు, చంకలకు, చర్మానికి తగిలేలా పోసి ఫ్యాను పెట్టాలి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే నిలుస్తుంది. థర్మామీటరు 39.5 చూపగానే నీళ్లు ఆపేయాలి, లేకపోతే వేడి మరీ పడిపోతుంది. తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. కిడ్నీలు, రక్తం గడ్డకట్టే తీరు దెబ్బతిన్న సంగతి తర్వాతి రోజు గానీ బయటపడదు. నగరంలో డాక్టరు దొరకకపోతే గన్నవరం పశువైద్య కళాశాల ఉండనే ఉంది.

పెద్ద కుక్కకు రోజుకు గంటన్నర పని కావాలి. ఉదయం నలభై నిమిషాలు, రాత్రి నలభై నిమిషాలు నడక, మిగతాది ముక్కుతో పని. ఎండ వల్ల నడక కుదరని రోజు ఈ ముక్కు పనే దిక్కు. పాత తువ్వాలు ఒకటి దానికి వాసన చూపించి, చూస్తుండగా తలుపు వెనక పెట్టి ‘వెతుకు’ అనండి. తెస్తే చిన్న ఉడికించిన చికెన్ ముక్క. నాలుగు రోజులయ్యాక చూడకుండా దాచండి, తర్వాత పక్క గదిలో, ఆపైన బీరువా మీద ఎత్తులో. పది నిమిషాల వెతుకులాట కూడా దానికి బాగా అలసట ఇస్తుంది. ఈ పని దొరకని కుక్క చెప్పులు చీలుస్తుంది, పావురాల కోసం బాల్కనీ గ్రిల్ పట్టుకుని మొరుగుతుంది, పై అంతస్తు వాళ్లు సెక్రటరీకి ఫిర్యాదు చేస్తారు. తప్పు కుక్కది కాదు. పది మీటర్ల తాడు కట్టి ‘రా’ అంటే వచ్చేదాకా నేర్పనిదే కాలవగట్ల మీద వదలొద్దు. బందరు కాలవలోనో ఏలూరు కాలవలోనో నీళ్లు చూడగానే దూకుతుంది. దూకడం తేలికే, గట్టు నిటారుగా కట్టినచోట ఎక్కలేదు. ఈతకు దించితే వీపు మీద పట్టుకునే పట్టీ ఉండాలి. ఏడాది నిండని పిల్లకు పరుగు పందేలు, మూడంతస్తుల మెట్లు వద్దు, కీళ్లు ఇంకా గట్టిపడవు. గుంటూరులో మిర్చి యార్డు వైపు సీజన్‌లో మనుషులకే తుమ్ములు ఆగవు, వాసనతో బతికే ముక్కును అటు తిప్పకండి.

ఈత తర్వాత, స్నానం తర్వాత చెవి మడత ఎత్తి దూదితో తడి అద్దాలి. వేలాడే చెవి, లోపల వెంట్రుకలు, మన ఉక్క మూడూ కలిస్తే పులిసిన పిండి వాసన మొదలవుతుంది. అది బూజు. అప్పుడు ఇంట్లో ఉన్న చుక్కల మందు వేయకుండా చూపించండి, కర్ణభేరి చిల్లిపడి ఉంటే కొన్ని మందులు చెవుడు తెస్తాయి. పిడుదుల కోసం వేళ్ల సందులు, చెవి అంచులు రోజూ తడమాలి. పిడుదు జ్వరంలో తిండి మానేయడం, పొట్ట మీద ఎర్రచుక్కలు, ముక్కు నుంచి రక్తం కనిపిస్తాయి. ప్లేట్‌లెట్లు పడిపోయాక కాదు, జ్వరం రోజే రక్తపరీక్ష చేయించాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పటి లాంటి నీళ్లలో ఎలుక మూత్రం కలుస్తుంది కనుక ఏటా వేసే టీకాలో లెప్టో (ఎలుక మూత్రంతో సోకే లెప్టోస్పైరోసిస్ జబ్బు) భాగం ఉందో లేదో అడగండి.

తిండి: 20 కిలోల చురుకైన కుక్కకు రోజుకు 1050 కిలోకేలరీల దాకా కావాలి. వంద గ్రాములకు 350 ఇచ్చే ప్యాకెట్ గింజల తిండి అయితే 300 గ్రాములు, రెండు పూటలుగా. తిన్న గంట దాకా గంతులు వద్దు. పెద్ద పూడుల్‌లో కడుపు ఉబ్బి మెలిపడే గుణం ఉంది, అది గంటల్లో ప్రాణం తీస్తుంది. పెరుగన్నం పెట్టొచ్చు, అదొక్కటే పెడితే మాంసకృత్తులు చాలవు. ఆవకాయ కలిపిన ముద్దలో వెల్లుల్లి, నూనె రెండూ చేటే. ఉల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, ఉడికిన కోడి ఎముకలు అసలు వద్దు.

ఇక ఆ 45 రోజులు. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు, అంటే 56 రోజులు నిండని పిల్లను అమ్మకూడదు. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదై ఉండాలి. ఆ పదకొండు రోజుల్లో ఏముందంటారేమో. గట్టిగా కొరికితే తోడుపిల్ల కుయ్‌మని ఆట మానేస్తుంది, పన్ను ఎంత నొక్కాలో పిల్ల అలా నేర్చుకుంటుంది. నోటితో పనిచేసే జాతికి ఆ పాఠం తప్పిపోతే ఇంట్లో పిల్లల చేతులకు గాట్లు. తల్లిపాల రక్షణ తగ్గి, టీకా ఇంకా పట్టని ఆ వారాల్లోనే చోటు మార్చడం పార్వోకు (వాంతులు, రక్త విరేచనాలతో ప్రాణం తీసే వైరస్ జబ్బు) దారి తీయడమే.

సంకరం కాబట్టి జబ్బులు రావన్న మాటా ప్రచారంలో ఉంది. రేచీకటితో మొదలై గుడ్డితనంతో ముగిసే రెటీనా జబ్బుకు కారణమైన ఒక లోపం ల్యాబ్రడార్‌లో ఉంది, కాకర్ స్పానియల్‌లో ఉంది, పూడుల్‌లోనూ ఉంది. రెండు వైపులా అదే లోపముంటే సంకరం ఏం కాపాడుతుంది? తల్లిదండ్రులిద్దరి డీఎన్‌ఏ పరీక్ష, తుంటి ఎక్స్‌రే కాగితాలు చూపమనండి. ‘కేసీఐ సర్టిఫికెట్’ చూపిస్తే అది తల్లిదండ్రులది అయుండాలి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా సంకరాలను నమోదు చేయదు.

మీ పత్రికను కోరేది చిన్న సాయం. కుక్కపిల్లల ప్రకటన తీసుకునేటప్పుడు పిల్ల పుట్టిన తేదీ, పెంపకందారు నమోదు నంబరు అడిగి, రెండూ ప్రకటనలోనే అచ్చు వేయండి. 56 రోజులు నిండని పిల్లల ప్రకటనను ఆ తేదీ దాకా ఆపి ఉంచండి.

ఇట్లు,
కొందరు పశువైద్యులు, గ్రూమర్లు
విజయవాడ