మూసేసిన ఫిర్యాదు మీద మరో ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: మీ సిబ్బంది 'పరిష్కారమైంది' అని రాసి మూసివేసిన నా ఫిర్యాదు గురించి.

అయ్యా,

గత నవంబరులో మీ వద్ద కొన్న టెలిస్కోపులో ఫోకస్ నిలవడం లేదు. ఎంత బిగించినా ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) బరువుకు గొట్టం జారిపోతోంది. వస్తువన్నాక లోపం సహజం, దానికి నాకు కోపం లేదు. గొట్టం జారిపోతోందన్న ఈ ఒక్క వాక్యం మీ సంస్థలో ఒక్కరి చెవికైనా ఎక్కించడానికి రెండు నెలలుగా తంటాలు పడుతున్నాను, అదీ నా బాధ.

డిసెంబరు మొదటి వారంలో ఫోన్ చేస్తే, మీ ప్రతినిధి ఎంతో మర్యాదగా "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అన్నారు. అందులో బ్యాటరీ గానీ వైరు గానీ లేవని చెబితే, కాసేపు సంగీతం వినిపించి, "అయితే ఛార్జింగ్ పెట్టి చూడండి" అన్నారు. రెండో ఆవిడ వీడియో అడిగారు. పంపితే, చీకటిగా ఉంది కనుక నక్షత్రాలను చూస్తూ పగటిపూట మళ్ళీ తీసి పంపమన్నారు. మూడో ఆయన విశాఖపట్నంలోని మా మధురవాడకు మీ సర్వీసు లేదని తేల్చారు. డబ్బు కట్టించుకుని నాలుగు రోజుల్లో ఆ పెట్టెను చేర్చింది ఇదే మధురవాడకని ఆయన కంప్యూటరుకు తెలియదట.

గురుగ్రహం సూర్యునికి సరిగ్గా ఎదురుగా వచ్చి రాత్రంతా వెలిగే 2026 జనవరి 10న, మా కాలనీ పిల్లలు ఎనిమిది మంది మేడ మీద వరుస కట్టారు. నేను గొట్టాన్ని ఎడమచేత్తో ఎత్తి పట్టుకున్నా, చివరి పాప కన్ను ఆనించేసరికి బింబం పిండిముద్దలా చెదిరిపోయింది. "గురుడంటే ఇదేనా తాతయ్యా?" అని అడిగింది. చివరికి నా పాత బైనాక్యులర్స్‌ను నీళ్ళ ట్యాంకు అంచుకు ఆనించి, గురుడి ఉపగ్రహాలను చుక్కలుగానైనా చూపించగలిగాను. ఆ మర్నాడే మీ సందేశం వచ్చింది: సమస్య పరిష్కారమైందట, మీ సేవకు ఐదు నక్షత్రాలు ఇవ్వాలట!

ఆ బైనాక్యులర్స్ కూడా మీ దగ్గర కొన్నవే. 2012 జూన్ 6న శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగిన ఉదయం కోసం ప్రత్యేక కళ్ళద్దాలు కొన్నప్పటి నుంచి నేను మరో దుకాణం గడప తొక్కలేదు. గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే ఈ విశాఖలోని డాబాగార్డెన్స్‌లో నక్షత్రాలను పరిశీలించే వేధశాల కట్టించారు. 1874లో అదే శుక్రుడి ప్రయాణాన్ని అంకితం వెంకట నరసింగరావు గారు ఈ ఊరి నుంచే పరిశీలించారు. అటువంటి ఊరికి ఒక మెకానిక్‌ను పంపలేరా? శుక్రుడు మళ్ళీ ఆ దారిన వచ్చేది 2117లో. మీ మనిషి అంతకంటే ముందే వస్తారని ఆశించవచ్చా?

జారిపోతున్న ఆ భాగాన్ని మార్చినా సరే, డబ్బు తిరిగి ఇచ్చినా సరే, ముందు ఆ ఫిర్యాదును తిరిగి తెరవండి. పదిహేను రోజుల్లో జవాబు రాకుంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళతాను. మీ సందేశాలన్నీ తేదీలతో సహా భద్రపరిచాను. నాతో మాట్లాడేందుకు ఎవరినైనా పురమాయించండి గానీ, ఛార్జింగ్ పెట్టమన్న ఆ పెద్దమనిషిని మాత్రం వద్దు.

భవదీయుడు,
మీ పాత వినియోగదారు,
మధురవాడ, విశాఖపట్నం