పిల్లలతో విడిగా మాట్లాడే పది నిమిషాలకు టైమ్‌టేబుల్లో చోటేది?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. పిల్లలు సొంతంగా నేర్చుకోవడం గురించి ఈమధ్య మీ పత్రికలో వరుసగా లేఖలు వస్తున్నాయి. ‘టీచర్లు పాఠం చెప్పడం మానేసి పిల్లల్నే చదువుకోమంటున్నారు, ఆమాత్రం దానికి బడికి పంపడం ఎందుకు’ అని కొందరు తల్లిదండ్రులు అడిగారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది. నేను 22 ఏళ్లుగా సైన్స్ చెబుతున్న టీచర్ని. ఆ ప్రశ్నకు తరగతి గదిలోంచి జవాబు చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఒక డైరీ సంగతి. నేను పనిచేసే బడిలో స్వీయ అభ్యసన పీరియడ్ మొదలుపెట్టిన ఏడాది, ఎవరు ఏం చదివారో వాళ్లే డైరీలో రాసుకోవాలని పెట్టాం. నెల గడిచాక తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడి డైరీ తీసి చూశాను. మూడు గడులు: తేదీ, చదివిన అంశం, అర్థమైందా లేదా. మూడో గడిలో పైనుంచి కింది దాకా ‘అర్థమైంది’ అనే ఉంది, ముత్యాల్లాంటి అక్షరాలతో. పుస్తకం మూయించి, ‘పీడనం అంటే ఏంటో నాకు చెప్పు నాన్నా’ అన్నాను. రెండు వాక్యాలు గడగడా చెప్పాడు. ‘మరి మేకు మొన సన్నగా ఎందుకు ఉంటుంది?’ అనేసరికి తల దించుకున్నాడు.

వాడు అబద్ధం రాయలేదు. చదివినప్పుడు వాడికి నిజంగానే అర్థమైనట్టు అనిపించింది. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ఒక ప్రయోగం ఈ సంగతినే చూపిస్తుంది. కాలేజీ విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని మళ్లీ చదివారు, మిగిలినవాళ్లు పుస్తకం మూసి గుర్తున్నదంతా రాశారు. 5 నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే బాగా చెప్పారు. వారం తర్వాత అడిగితే తారుమారైంది. మళ్లీ చదివినవాళ్లకు 42 శాతం గుర్తుంటే, మూసి రాసుకున్నవాళ్లకు 56 శాతం గుర్తుంది. అంటే ఏ పద్ధతి చదివిన వెంటనే ‘నాకొచ్చేసింది’ అనిపిస్తుందో, అదే వారం తిరిగేసరికి మొండిచెయ్యి చూపిస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లవాడు తనంతట తాను దీన్ని ఎలా కనిపెడతాడు? ఎదురుగా కూర్చుని ‘పుస్తకం మూసి చెప్పు’ అనే మనిషి ఒకరు కావాలి.

ఆ తర్వాత డైరీలో మూడో గడి పేరు మార్చాం. ‘ఇంకా ఏం తెలియలేదు?’ అని పెట్టాం. మొదటి వారం దాదాపు అందరిదీ ఖాళీగానే వచ్చింది. తెలియలేదని రాస్తే మార్కులు తగ్గుతాయని పిల్లల భయం. ఆ భయం పోవడానికి రెండు నెలలు పట్టింది.

ఇప్పుడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకామె గురించి చెబుతాను. పున్నమి మర్నాడు వచ్చి, ‘మేడమ్, చంద్రుడు పైకొచ్చేటప్పుడు అంత పెద్దగా ఉంటాడేంటి, తర్వాత చిన్నగా అయిపోతాడేంటి?’ అని అడిగింది. కంటి భ్రమ అని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. చాలా ఏళ్లు అలాగే చెప్పేదాన్ని. పిల్లలు ‘ఓహో’ అని వెళ్లిపోయేవాళ్లు, ఆ ప్రశ్న అక్కడితో అయిపోయేది. ఈసారి, ‘నిజంగా పెద్దగా ఉంటాడా, పెద్దగా కనిపిస్తాడా? ఎలా తేలుస్తావు?’ అని అడిగాను.

ఆ సాయంత్రమే ఫోన్‌తో రెండు ఫోటోలు తీసి తెచ్చింది, చంద్రుడు నేలకు దగ్గరగా ఉన్నప్పుడు ఒకటి, పైకెక్కాక ఒకటి. కొలిస్తే పైనున్న చంద్రుడే పెద్దగా వచ్చాడు! తన ప్రశ్నే తప్పేమోనని బిక్కమొహం వేసింది. ఈ ఒక్క చోట ఏం మాట్లాడాలన్నదే అసలు పరీక్ష. తప్పు అనేస్తే అక్కడితో వదిలేస్తుంది. పోనీ భేష్ అంటే, తప్పు లెక్క మీద మిగతాదంతా కడుతుంది. ‘రెండు ఫోటోల్లోనూ చంద్రుడి అంచు ఒకేలా ఉందా?’ అని మాత్రం అడిగాను. ఫోటో పెద్దది చేసుకుని చాలాసేపు చూసింది. ‘పైనున్నప్పుడు వెలుగు చుట్టూ చెదిరింది మేడమ్, అంచే లేదు’ అంది. పైకెక్కిన చంద్రుడి వెలుగు ఎక్కువ. ఫోన్ కెమెరా దాన్ని తట్టుకోలేక ఆ వెలుగును చుట్టూ పులిమేస్తుంది. అది తనే పట్టుకుంది.

ఒక కాగితానికి పంచింగ్ మెషిన్‌తో రంధ్రం కొట్టి చేతికిచ్చాను. చేయి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, అందులోంచి చూడమన్నాను. ఆ రంధ్రం సుమారు 6 మిల్లీమీటర్లు ఉంటుంది. చేయంత దూరంలో పట్టుకుంటే అరడిగ్రీ కంటే కాస్త ఎక్కువ. ఆకాశంలో చంద్రుడి వెడల్పు కూడా దాదాపు అరడిగ్రీయే. తర్వాతి పున్నమి దాకా ఆగాం. మర్నాడు పొద్దున్నే స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి ఉంది. ‘రెండుసార్లూ రంధ్రంలో సరిపోయాడు మేడమ్. మరి నా కన్నెందుకు మోసపోయింది?’ అని అడిగింది. దాని మీద శాస్త్రవేత్తలు కూడా ఇంకా ఒక్క మాట మీదికి రాలేదని చెప్పాను. ఆ మాట వినగానే ఆ పిల్ల మొహం ఎలా వెలిగిందో నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

నెల మొత్తం మీద నేను ఆమెతో మాట్లాడింది అరగంటకు మించదు. కానీ ఆ అరగంటలో ఏం అడగాలో తెలియాలంటే కెమెరా ఎక్కడ మోసం చేస్తుందో నాకు ముందే తెలిసి ఉండాలి. పాఠం చెప్పేసి వెళ్లిపోయే టీచర్ ఒక దారి తెలుసుకుంటే సరిపోతుంది. పిల్లలు ఎటు పోతారో తెలియని చోట పక్కన నడిచే టీచర్‌కు అన్ని దారులూ, అందులోని గోతులూ తెలిసి ఉండాలి. ‘ఇక సబ్జెక్టు అంత రాకపోయినా పర్లేదు, పర్యవేక్షణ చేస్తే చాలు’ అని కొందరు యాజమాన్యాలు అనడం విన్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ మాటే.

తల్లిదండ్రులు రాసిన ఇంకో మాట కూడా నిజం. పిల్లల్ని పూర్తిగా వాళ్ల మానాన వదిలేస్తే నేర్చుకోరు. కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే ముగ్గురు విద్యా పరిశోధకులు 2006లోనే దీని మీద గట్టిగా రాశారు. ఒక విషయానికి కొత్తవాడైన విద్యార్థి బుర్ర ఒకేసారి చాలా సంగతులు మోయలేదు, అందుకే మొదట్లో స్పష్టంగా చెప్పి, చేసి చూపించాలి అన్నారు. నేనూ అలాగే చేస్తాను. సమీకరణాలు తుల్యం చేయడం మొదటి వారం బోర్డు మీద నేనే చేస్తాను, ఒకటికి పదిసార్లు. తర్వాత సగం చేసి వదిలేస్తాను. ఆ తర్వాత చాక్‌పీస్ వాళ్లకిచ్చి వెనక బెంచీలో కూర్చుంటాను.

గోడ లేచేదాకా పరంజా కడతారు, లేచాక విప్పుతారు. టీచర్ సాయాన్ని ఈ పరంజాతోనే పోల్చారు వుడ్, బ్రూనర్, రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1976లో. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు 30 మందికి చెక్క ముక్కలు ఇచ్చి పిరమిడ్ కట్టిస్తూ, పెద్దవాళ్ల సాయం ఎలా ఉంటే పని జరుగుతోందో గమనించి రాశారు. ఒక్కో వయసువాళ్లకు ఒక్కో రకం సాయం అవసరమైంది. పరంజా ఎప్పుడు కట్టాలి, ఎప్పుడు విప్పాలి అన్నది పిల్లవాణ్ణి దగ్గరగా చూసినవాళ్లకే తెలుస్తుంది. పైగా ఒకే పిల్లకు గణితంలో విప్పేయొచ్చు, రసాయన శాస్త్రంలో ఇంకా కట్టాల్సి రావచ్చు. ‘ఈ అమ్మాయి తెలివైంది, తనే చూసుకుంటుంది’ అని మొత్తంగా వదిలేయడం వల్ల చితికిపోయిన మంచి విద్యార్థుల్ని నేను చూశాను.

ఇప్పుడు జవాబులకు కరువు లేదు. ఫోన్‌లో ఏఐని అడిగితే క్షణంలో వచ్చేస్తుంది. వచ్చిన జవాబు ముందు ఒక్క నిమిషం ఆగి ‘ఇది నిజమేనా’ అని చూసే అలవాటు మాత్రం ఫోన్ ఇవ్వదు. ఆగడం మాకూ కష్టమే. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లోనే లెక్కగట్టారు. 3 సెకన్లు ఆగినచోట పిల్లల జవాబులు పొడవయ్యాయి, జవాబే చెప్పకుండా ఊరుకోవడం తగ్గింది. మూడు సెకన్లే, కానీ సిలబస్ తరుముతున్న క్లాసులో ఆ మూడు సెకన్లు యుగంలా అనిపిస్తాయి.

ఇక అసలు సంగతి సమయం. 40 మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరితో పదిహేను రోజులకు ఒకసారి 10 నిమిషాలు విడిగా మాట్లాడాలంటే 400 నిమిషాలు కావాలి. 45 నిమిషాల పీరియడ్లు దాదాపు 9. మూడు సెక్షన్లు చూసే టీచర్‌కు అది 20 గంటలు. స్వీయ అభ్యసనం అని ప్రకటించిన బడుల్లో ఈ 20 గంటలు ఎక్కడైనా రాసిపెట్టారా? నేను చూసినచోట్ల జరిగింది దీనికి తలకిందులు. ‘పిల్లలే చదువుకుంటున్నారుగా’ అని రెండు తరగతుల్ని కలిపి ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒక టీచర్‌ని కాపలా పెట్టారు. రిజిస్టర్లు నింపే పని కూడా ఆ పీరియడ్‌లోనే అప్పజెప్పారు. అలాంటి గదిలో పిల్లలకు దొరికేది నిశ్శబ్దం మాత్రమే.

అందుకే విద్యాధికారులకూ యాజమాన్యాలకూ నా మనవి. విద్యార్థితో విడిగా మాట్లాడే సమయాన్ని పాఠం చెప్పే సమయంతో సమానంగా టీచర్ పనిగంటల్లో లెక్కించండి. స్వీయ అభ్యసన పీరియడ్‌లో తరగతులు కలపడం ఆపండి. టీచర్లకు ఇచ్చే శిక్షణలో ప్రశ్న ఎలా అడగాలి, పిల్లవాడి తప్పును ఎలా చదవాలి అన్నదానికి చోటివ్వండి. ఇంతవరకు నేను వెళ్లిన శిక్షణల్లో ఎక్కువ భాగం యాప్ ఎలా తెరవాలన్నదానికే సరిపోయింది.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఈసారి పేరెంట్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు సిలబస్ ఎంతయిందని అడిగాక, ఇంకొక్కటి అడగండి: ‘మా వాడితో మీరు విడిగా చివరిసారి ఎప్పుడు మాట్లాడారు? వాడు ఎక్కడ ఆగిపోయాడు?’ జవాబు చెప్పలేకపోతే ఆ టీచర్ మీద కోప్పడకండి. ఎన్ని తరగతులు, ఎంతమంది పిల్లలు వాళ్ల మీద పెట్టారో కనుక్కుని, ఆ కాగితం పట్టుకుని ప్రధానోపాధ్యాయుల గదికి వెళ్లండి.

ఇట్లు,
ఒక సైన్స్ ఉపాధ్యాయురాలు