క్రీడా విభాగం వార్షిక నివేదిక, 2024–25: కీఫ్ మీద చర్చ, మనం చూసిన అరీనాలు

సభ్యులందరికీ నమస్కారం.

2024 జూలై నుంచి 2025 జూన్ వరకు మన తెలుగు సంఘం క్రీడా విభాగం చేసిన పనుల వివరం ఇది. క్రికెట్, బ్యాడ్మింటన్ పోటీలు ఎప్పటిలాగే జరిగాయి. విజేతల పేర్లు ఉగాది సంచికలో వచ్చేశాయి కాబట్టి మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది మన సమయం, మన మాటలు, మన టికెట్ల డబ్బు ఎక్కువగా ఐస్ హాకీకే వెళ్లాయి. అందుకే నివేదికలోనూ దానికే ఎక్కువ చోటిస్తున్నాను.

ముందుగా సంక్రాంతి తర్వాత జరిగిన చర్చ సంగతి. జనవరి 16న షెల్డన్ కీఫ్ న్యూజెర్సీ డెవిల్స్ హాకీ జట్టు కోచ్‌గా టొరంటోకి వచ్చాడు. అంతకు ముందు మే నెలలో మన టొరంటో జట్టు మేపుల్ లీఫ్స్ యాజమాన్యం కోచ్ పదవి నుంచి తీసేసిన మనిషి, అదే స్కోషియాబ్యాంక్ అరీనాలో ఎదుటి జట్టు బెంచ్ వెనక నిలబడ్డాడు. మ్యాచ్ ఓవర్‌టైమ్‌కి వెళ్లింది, లీఫ్స్ గెలిచారు. ఆ వారాంతంలోనే మిసిసాగాలో మనం అద్దెకు తీసుకునే హాల్లో సభ్యులు కూర్చున్నారు. పండక్కి చేసిన అరిసెలు, సకినాలు ఇంకా మిగిలే ఉన్నాయి. విషయం ఒకటే: కీఫ్‌ని తీసేయడం న్యాయమేనా?

కొత్తగా వచ్చిన కుటుంబాల కోసం నేపథ్యం చెప్పాలి. లీఫ్స్ ఆడేది ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే ఉత్తర అమెరికా పెద్ద హాకీ లీగ్‌లో. ఆ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్‌ని వాళ్లు చివరిసారి గెలిచింది 1967లో. 2015లో కోచ్‌గా మైక్ బాబ్‌కాక్‌ని ఎనిమిదేళ్లకు 5 కోట్ల డాలర్ల ఒప్పందం మీద తెచ్చుకున్నారు. డెట్రాయిట్‌కి 2008లో కప్ తెచ్చిపెట్టిన కోచ్, కెనడాకి రెండు ఒలింపిక్ స్వర్ణాలు అందించిన కోచ్. ఆయన్ని 2019 నవంబర్ 20న పంపించేసి, ఆయన స్థానంలో కీఫ్‌ని కూర్చోబెట్టారు. కీఫ్ మన పక్క ఊరు బ్రాంప్టన్‌లో పుట్టినవాడు. లీఫ్స్ అనుబంధ జట్టు మార్లీస్‌కి 2018లో కింది లీగ్ ట్రోఫీ కాల్డర్ కప్ గెలిపించి పైకి వచ్చాడు. లీఫ్స్ కోచ్‌గా సాధారణ సీజన్‌లో అతని లెక్క 212 గెలుపులు, 97 ఓటములు, ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో పోయినవి 40. 2021–22లో 115 పాయింట్లు వచ్చాయి, లీఫ్స్ చరిత్రలో అంతకు ముందెప్పుడూ రానన్ని. ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివర కప్ కోసం ఒకే జట్టుతో వరసగా ఆడే నాకౌట్ సిరీస్‌లలో, మాత్రం 16 మ్యాచ్‌లు గెలిచి 21 ఓడాడు. ఒకే ఒక్క సిరీస్ దాటాడు. 2023 ఏప్రిల్ 29న టాంపాలో ఓవర్‌టైమ్‌లో లీఫ్స్ ఆటగాడు తవారెస్ గోల్ కొట్టిన రాత్రి మనలో చాలామంది ఇళ్లలో పిల్లలు నిద్ర లేచి ఏడ్చారు. 2004 తర్వాత లీఫ్స్ గెలిచిన మొదటి సిరీస్ అది.

చర్చను మొదలుపెట్టింది స్కార్‌బరో నుంచి వచ్చే మాస్టారుగారు. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్న మనిషి. “సాధారణ సీజన్‌లో గెలవడం వేరు, మే నెలలో గెలవడం వేరు బాబూ. 2021లో మాంట్రియల్ మీద మూడు, ఒకటితో ముందుండి మూడు వరసగా పోగొట్టుకున్నారు. దానికి కోచ్ కాక ఎవరు జవాబుదారీ?” అని అడిగారు. బాస్టన్‌తో 2024 సిరీస్‌లో పవర్‌ప్లే 21 అవకాశాల్లో ఒక్క గోల్ మాత్రమే ఇచ్చిందనీ గుర్తుచేశారు. ఎదుటివాళ్లకి ఒక ఆటగాడు తక్కువ ఉన్న రెండు నిమిషాల్లో ఏం చేయాలో ముందే గీసి పెట్టేది కోచింగ్ సిబ్బందే కదా. ఈ మాటకి హాల్లో ఎవరూ సరైన జవాబు ఇవ్వలేకపోయారు. నా దగ్గరా లేదు.

మాస్టారుగారికి ఎదురు నిలిచింది బ్రాంప్టన్‌లో ఉండే మన నర్సు చెల్లెమ్మ. “మాస్టారూ, మీరు చెప్పిన 2021 సిరీస్‌లో ఇక్కడి మ్యాచ్‌లు ఖాళీ అరీనాలో ఆడారండీ. ఏడో మ్యాచ్‌కి లోపలికి రానిచ్చింది టీకాలు వేసుకున్న 550 మంది ఆరోగ్య సిబ్బందిని మాత్రమే. తవారెస్ మొదటి మ్యాచ్‌లోనే స్ట్రెచర్ మీద వెళ్లిపోయాడు. 2020లో కొలంబస్‌తో ఆడినప్పుడైతే ఒక్క ప్రేక్షకుడూ లేడు. సొంత ఊరు, సొంత జనం అన్న బలం ఆ రెండుసార్లూ కీఫ్‌కి అందలేదు,” అన్నారు. తర్వాత జీతాల పరిమితి సంగతి తెచ్చారు. కోవిడ్ వల్ల ఎన్‌హెచ్‌ఎల్ జట్టు జీతాల పరిమితి 8 కోట్ల 15 లక్షల డాలర్ల దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోయింది. అందులో దాదాపు సగం మాథ్యూస్, తవారెస్, మార్నర్, నైలాండర్ నలుగురికే పోయేది. మిగతా సగంతో డిఫెన్స్, గోల్‌కీపర్, మూడో నాలుగో లైన్లు (ముందు ఆడే ముగ్గురేసి ఆటగాళ్ల గుంపులు) సర్దుకోవాలి. ఆ నలుగురినీ ఎంచుకున్నది, ఆ జీతాలు ఒప్పుకున్నది కోచ్ కాదు.

బాబ్‌కాక్ పేరు కూడా వచ్చింది. ఆయన ఉండి ఉంటే క్రమశిక్షణ ఉండేదని ఇద్దరు ముగ్గురు అన్నారు. కొత్తగా వచ్చిన మార్నర్ చేత జట్టులో ఎవరు కష్టపడతారు, ఎవరు పడరు అని వరస రాయించి, దాన్ని పెద్ద ఆటగాళ్ల ముందు బయటపెట్టిన సంగతి నేను గుర్తుచేశాను. ఒక కుర్రాడిని అలా ఇరికించడం క్రమశిక్షణ అని నేను అనుకోను. ఈ విషయంలో నాది గట్టి అభిప్రాయమే, హాల్లో గొంతు పెంచిందీ నిజమే.

చేతులెత్తిస్తే కీఫ్‌ని తీసేయడం న్యాయమేనన్న వాళ్లే ఎక్కువ తేలారు. మరో సంగతి నా దృష్టికి వచ్చింది. మార్లీస్ రోజుల నుంచి కీఫ్‌ని చూసినవాళ్లు, అరీనాలో పై వరసల్లో కూర్చునేవాళ్లు అతని వైపు మాట్లాడారు. టీవీలోనే చూసేవాళ్లు దాదాపు అందరూ మాస్టారుగారి వైపు ఉన్నారు. ఇది కాకతాళీయం కాదని నా నమ్మకం. మన అరీనా యాత్రల్ని ఈ ఏడాది నడిపించింది కూడా ఈ ఆలోచనే.

క్రికెట్ చూసి పెరిగిన మనకి కోచ్ పని కంటికి కనబడటం అలవాటు లేదు. అక్కడ మైదానంలో నిర్ణయాలు కెప్టెన్‌వి. హాకీలో కోచ్ ఆటగాళ్ల వెనకే నిలబడి, నలభై యాభై సెకన్లకోసారి లైన్లు మారుస్తూ ఉంటాడు. ఆట ఆగినప్పుడు ముందుగా బయటి జట్టు తన ఆటగాళ్లని దింపాలి, ఆ తర్వాత సొంత జట్టు. అంటే ఎదుటివాళ్ల మేటి లైన్ మీదికి ఎవరిని పంపాలో సొంత ఊరి కోచ్ చూసి తేల్చుకోవచ్చు. జనవరి 16న పై వరసల్లో, 300 సెక్షన్లలో కూర్చున్న మన సభ్యులకి ఇదంతా అరచేతిలో కనిపించింది. డెవిల్స్ మేటి ఆటగాడు జాక్ హ్యూస్ దిగినప్పుడల్లా లీఫ్స్ కొత్త కోచ్ క్రెయిగ్ బెరూబే ఎవరిని పంపుతున్నాడో వేళ్లతో లెక్కపెట్టుకున్నారు. టీవీ కెమెరా పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) వెంటే పోతుంది. పక్ లేని వైపు ఎవరు ఖాళీగా నిలబడ్డారో, ఎవరు ఆలస్యంగా బెంచ్ చేరారో చూపించదు. కీఫ్ జట్టు దారి దొరక్కపోతే పక్‌ని వెనక్కి తీసుకుని మళ్లీ పేర్చుకుని వచ్చేది. బెరూబే జట్టు లోతుకి విసిరి, వెంటపడి, రింక్ చుట్టూ ఉండే బోర్డుల దగ్గర కొట్లాడి లాక్కునేది. రెండూ పై నుంచే స్పష్టంగా తెలుస్తాయి. అద్దానికి ఆనుకుని ఉన్న సీటు కోసం అప్పు చేసైనా కొనే సభ్యులకి నా మనవి: ఆట వేగం అక్కడ తెలుస్తుంది, ఆట అర్థమయ్యేది మాత్రం పైన.

స్కోషియాబ్యాంక్ అరీనా గురించి మన వాళ్ల ఫిర్యాదు పాతదే. 1999లో ఎయిర్ కెనడా సెంటర్‌గా తెరిచినప్పటి నుంచీ కింది వరసలు ఎక్కువగా కంపెనీల చేతుల్లోనే ఉన్నాయి. విరామం తర్వాత ఆట మొదలైనా ఆ సీట్లు చాలాసేపు ఖాళీగా ఉంటాయి. అరుపులు పై నుంచే వస్తాయి. యూనియన్ స్టేషన్‌లో గో లోకల్ రైలు దిగి చలిలోకి అడుగు పెట్టకుండా సీటు దాకా వెళ్లిపోవచ్చన్నది మాత్రం పెద్ద సుఖం. జనవరిలో అమ్మానాన్నల్ని తీసుకొచ్చిన వాళ్లకి దాని విలువ తెలుసు.

మాంట్రియల్ బెల్ సెంటర్‌కి రైల్లో వెళ్లాం. ఎన్‌హెచ్‌ఎల్‌లో అన్నిటికన్నా పెద్దది, 21 వేల పైచిలుకు జనం పడతారు. పై వరసలు ఎంత నిటారుగా ఉంటాయంటే మెట్లు దిగేటప్పుడు మన పెద్దవాళ్లు కడ్డీ వదల్లేదు. ప్రకటన ముందు ఫ్రెంచిలో, తర్వాత ఇంగ్లీషులో. కప్పు నుంచి 24 స్టాన్లీ కప్ జెండాలు వేలాడుతుంటాయి. అక్కడి జనం గోల్ కోసం ఎదురుచూడరు, మంచి పాస్‌కే లేచి నిలబడతారు. లీఫ్స్ చొక్కా వేసుకున్నా నేను ఒప్పుకునే మాట: ఆట చూడ్డానికి మనం వెళ్లిన వాటిలో అదే మేటి.

ఒట్టావా అరీనా ఊరికి పడమర కనాటాలో ఉంది. కారు లేనివాళ్లకి అవస్థే. బఫెలో దగ్గరే, టికెట్లూ తేలిగ్గా దొరుకుతాయి, లీఫ్స్ వచ్చిన రాత్రి అరీనాలో సగం మంది మనవైపు వాళ్లే. కానీ అమెరికా వీసా లేని సభ్యులు, ముఖ్యంగా చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, రాలేకపోయారు. కొందర్ని వదిలేసి వెళ్లే యాత్ర సంఘం పేరు మీద చేయకూడదని కార్యవర్గం నిర్ణయించింది. ఇకపై బఫెలో ఎవరికి వారే.

కుటుంబాలకి నేను గట్టిగా చెప్పదలచుకున్నది కోకాకోలా కొలీజియం గురించి. 1920ల నాటి కట్టడం, దాదాపు ఎనిమిది వేల సీట్లు. ఎగ్జిబిషన్ గో స్టేషన్ దిగితే పక్కనే. మార్లీస్ ఆడేదీ, కీఫ్ కాల్డర్ కప్ ఎత్తిందీ ఇక్కడే. మహిళల లీగ్‌లో టొరంటో సెప్టర్స్ జట్టు కూడా ఈ సీజన్ నుంచి ఇక్కడికే వచ్చింది. మన ఆడపిల్లలు ఎంతమంది ఆ మ్యాచ్‌లకి వచ్చారో చూసి ఆశ్చర్యపోయాను. 2024 ఫిబ్రవరిలో టొరంటో, మాంట్రియల్ అమ్మాయిల మ్యాచ్‌కి స్కోషియాబ్యాంక్ అరీనాలో 19,285 మంది వచ్చారంటే నమ్మని మన బాబాయిలు, ఈ ఏడాది మనవరాళ్ల చేతులు పట్టుకుని కొలీజియానికి వచ్చారు. బ్రాంప్టన్ సీఏఏ సెంటర్‌లో స్టీల్‌హెడ్స్ ఆట కూడా మొదలైంది. మిసిసాగా జట్టు ఈ సీజన్‌లోనే అక్కడికి మారింది. ఆడేది కుర్రాళ్లు, తప్పులు చేస్తారు, ఆ తప్పుల్లోనే కోచ్ ఏం నేర్పుతున్నాడో తెలుస్తుంది.

చర్చ్, కార్ల్‌టన్ వీధుల కూడలిలో పాత మేపుల్ లీఫ్ గార్డెన్స్‌ని కూడా పిల్లలకి చూపించాం. 1931 నుంచి 1999 దాకా లీఫ్స్ ఆడిన చోటు. ఇప్పుడు కింద లాబ్లాస్ సరుకుల దుకాణం, పైన విశ్వవిద్యాలయం వాళ్ల రింక్. ఒకప్పటి రింక్ నడిమధ్య ఎక్కడో దుకాణం నేల మీద ఎర్ర చుక్క పెట్టి ఉంచారు. పప్పూ బియ్యం కొనుక్కునే జనం దాని మీంచే నడుస్తున్నారు. మాస్టారుగారు అక్కడ కాసేపు ఆగి, తను చూసిన మ్యాచ్‌ల గురించి పిల్లలకి చెప్పారు.

ప్లేఆఫ్స్ మ్యాచ్‌లు హాల్లో పెద్ద తెర మీద చూశాం. బెరూబే మొదటి ఏడాదే లీఫ్స్ 108 పాయింట్లతో డివిజన్ గెలిచారు. ఒట్టావాని ఆరు మ్యాచ్‌ల్లో దాటారు. ఫ్లోరిడా మీద మొదటి రెండూ గెలిచి, మే 18న సొంత అరీనాలో ఏడో మ్యాచ్ 6–1తో పోగొట్టుకున్నారు. ఆ రాత్రి హాల్లో కుర్చీలు మడతపెడుతూ నర్సు చెల్లెమ్మ మాస్టారుగారిని అడిగారు: “ఇప్పుడు చెప్పండి మాస్టారూ, ఈ ఓటమి ఎవరిది?” “ఒక సిరీస్ అయినా దాటాడమ్మా,” అన్నారాయన. కీఫ్ కూడా 2023లో అంతే దాటాడు. నా మట్టుకు నాకు, అయిదేళ్లు ఒకే గోడకి తల కొట్టుకున్న జట్టుకి కొత్త గొంతు కావాల్సి వచ్చింది, కాబట్టి కీఫ్‌ని మార్చడం సబబే. అతను పనికిరాని కోచ్ అన్నది మాత్రం ఒప్పుకోను. వెళ్తూ వెళ్తూ ప్లేఆఫ్ ఓటముల బాధ్యత తనదేనని బహిరంగంగా చెప్పిన మనిషి అతను. ఆ నలుగురు తారలతో ఇద్దరు కోచ్‌లూ ఒకే చోట ఆగిపోయారన్నది ఈ మే నెల చెప్పిన సంగతి.

పిల్లల స్కేటింగ్ గురించి రెండు మాటలు. నగర రింక్‌లలో శనివారం ఉదయాలు మన పిల్లలు నేర్చుకున్నారు. చిన్నవైపోయిన స్కేట్లు, హెల్మెట్లు చాలామంది తెచ్చి ఇచ్చారు, వారికి కృతజ్ఞతలు. పగుళ్లున్న హెల్మెట్లు, గడువు తేదీ దాటినవి మాత్రం దయచేసి ఇవ్వకండి.

జమాఖర్చుల పత్రం కోశాధికారిగారు విడిగా పంపుతారు. విద్యార్థి సభ్యుల టికెట్లకి సంఘం ఇచ్చిన సాయం వచ్చే ఏడాదీ కొనసాగించాలని ఈ సమావేశంలో తీర్మానం పెడుతున్నాం.

వచ్చే సీజన్‌కి ప్రతిపాదనలివి. కొలీజియం, బ్రాంప్టన్ మ్యాచ్‌లకి సంఘం తరఫున గుంపు టికెట్లు తీసుకుందాం. స్కోషియాబ్యాంక్ అరీనాకి వెళ్తే పై వరసలే, అదీ నీలి గీతకి ఎదురుగా ఉండే సెక్షన్లలో. మాంట్రియల్ యాత్ర మళ్లీ ఉంటుంది, పెద్దవాళ్లకి మెట్లు తక్కువ ఉండే సీట్లు చూస్తాం. రాదలచుకున్నవాళ్లు సెప్టెంబర్ నెలాఖరులోగా పేర్లు, ఎంతమందో, శాకాహారం భోజనం ఎన్ని కావాలో విభాగం కార్యదర్శికి చెప్పండి. కారులో చోటున్నవాళ్లు ఆ సంగతి కూడా రాయండి, స్టేషన్‌కి దూరంగా ఉండే కుటుంబాలు అడుగుతున్నాయి.

ఇట్లు,
కార్యదర్శి, క్రీడా విభాగం