రాత్రి బాడుగలకు నేనెందుకు రావడం లేదంటే

అనంతపురంలో మాది మూడు బళ్ళున్న చిన్న ట్రావెల్స్. మా బండి ఎక్కేవాళ్ళు ఎక్కువగా రెండు రకాలు. బెంగళూరు దగ్గరి దేవనహళ్ళి ఎయిర్‌పోర్టుకు పోయేవాళ్ళు ఒకరు, నిమ్హాన్స్‌కో జయదేవకో, అంటే బెంగళూరు పెద్దాసుపత్రులకు, పొద్దున ఓపీ టైముకు చేరాలనుకునేవాళ్ళు ఇంకొకరు. ఇద్దరికీ కావాల్సింది అర్ధరాత్రి దాటాక బయల్దేరే బండే. ఏళ్ళ తరబడి ఆ ట్రిప్పులకు ఎక్కువగా నేనే వస్తుండేవాణ్ణి. ఇప్పుడు రావడం లేదు. "ఏమప్పా, పెద్ద ఓనరువైపోయినావా, స్టీరింగు ముట్టవంట?" అని ఒకరు, "మాకు నువ్వైతేనే ధైర్యం" అని ఇంకొకరు ఫోన్లు చేస్తున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా అందరికీ ఒకేసారి రాసేస్తే మంచిదనిపించింది. పైగా కొత్త రేట్ల సంగతి కూడా చెప్పాలి.

నాకు నిద్రలో ఊపిరి ఆగే జబ్బుంది. డాక్టర్లు దీన్ని అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు. నిద్ర పట్టాక గొంతు కండరాలు సడలిపోతాయి, నాలుక వెనక్కి జారుతుంది, గాలి పోయే దారి మూసుకుపోతుంది. కనీసం పది సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఊపిరి ఆడదు. ఒంట్లో ఆక్సిజన్ తగ్గేసరికి మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. మనం లేచినట్టు మనకే తెలియదు. ఒక గురక, ఒక ఎగశ్వాస, మళ్ళీ నిద్ర, మళ్ళీ అదే కథ. రాత్రంతా మంచం మీదే ఉన్నా పొద్దున్నే తల బరువు, మధ్యాహ్నానికి కళ్ళు మంట.

నా గురకకు మా ఆవిడ ఎప్పుడో అలవాటు పడింది. గురక ఆగినప్పుడే ఆమెకు భయం. "ఊపిరి ఉందో లేదో అని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తాండా" అని ఆమె చెప్పిన తర్వాతే ఈఎన్‌టి డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన ముందు ఒక కాగితం ఇచ్చి నింపమన్నాడు. ఎప్‌వర్త్ స్కేల్ అంటారంట దాన్ని. ఎనిమిది ప్రశ్నలుంటాయి. కూర్చుని చదువుతుంటే కునుకు వస్తుందా, టీవీ చూస్తుంటే వస్తుందా, ఇట్లాంటివి. చివరి ప్రశ్న ఏందంటే, ట్రాఫిక్‌లో కారు కొన్ని నిమిషాలు ఆగితే కునుకు పట్టే అవకాశం ఎంత? బండి నడిపి బతికేవాడు ఆ ప్రశ్న దగ్గర కాసేపు ఆగక తప్పదు. మొత్తం 24 మార్కులు, 10 దాటితే పగటి నిద్రమత్తు ఎక్కువున్నట్టు. నాకు 14 వచ్చింది.

ఆ తర్వాత ఇంట్లోనే రాత్రి పరీక్ష చేశారు. వేలికి ఒక క్లిప్పు, ముక్కు దగ్గర సన్నని ట్యూబు, ఛాతీకి బెల్టు. గంటకు ఊపిరి ఎన్నిసార్లు ఆగింది, ఎన్నిసార్లు బాగా తగ్గింది అని లెక్క తీస్తారు. 5 లోపు ఉంటే మామూలు, 5 నుంచి 15 దాకా తేలిక, 15 నుంచి 30 దాకా మధ్యరకం, 30 దాటితే తీవ్రం. నాది 22. రిపోర్టు చేతికొచ్చిన రోజే రాత్రి ట్రిప్పులు మా డ్రైవర్లకు అప్పజెప్పాను. దానికి పెద్దగా ఆలోచించే పని లేకపోయింది. నలభై నాలుగో నంబరు హైవే మీద రాప్తాడు దాటితే రోడ్డు నున్నగా, తిన్నగా ఉంటుంది. కుదుపు లేదు, మలుపు లేదు. మనిషికి నిద్ర బాగా ముంచుకొచ్చేది రాత్రి రెండు నుంచి ఐదు మధ్యే. సరిగ్గా అదే టైముకు మనం పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు దాటుతుంటాం. వెనక సీట్లో మీ పిల్లలు నిద్రపోతుంటారు.

డాక్టరు ముందు రాసిచ్చింది సీప్యాప్ మిషన్. ముక్కుకు మాస్కు తగిలించి గాలిని ఒత్తిడితో పంపిస్తుంది, దాంతో గొంతు మూసుకుపోదు. ఊపిరి ఆగడాన్ని తగ్గించడంలో దాన్ని మించింది లేదని ఆయనే చెప్పాడు. నిజాయితీగా ప్రయత్నించాను. కానీ నేను సగం రాత్రులు ఇంట్లో ఉండను. బెంగళూరులో డ్రైవర్ల డార్మిటరీలో, పుట్టపర్తిలో సత్రంలో, ఒక్కోసారి బండిలోనే సీటు వెనక్కి వాల్చుకుని పడుకుంటాను. మిషన్ పెట్టుకోవడానికి ప్లగ్గే దొరకదు. ఇంట్లో పెట్టుకున్న రోజు మాస్కు పక్కనుంచి గాలి కొట్టి కళ్ళు ఎండిపోయేవి. అప్పుడు డాక్టరు రెండో దారి చెప్పాడు. సీప్యాప్ పడనివాళ్ళకు, వద్దనుకున్నవాళ్ళకు దంతవైద్యులు కొలతలు తీసి చేసే నోటి పరికరం ఉంటుందని.

పై పళ్ళకు ఒకటి, కింది పళ్ళకు ఒకటి, రెండు ప్లాస్టిక్ అచ్చులు. రెంటినీ పక్కల స్క్రూలతో కలుపుతారు. నోట్లో పెట్టుకుంటే కింది దవడ ముందుకు వచ్చి అక్కడే నిలబడుతుంది. దవడతో పాటు నాలుక కూడా ముందుకు వస్తుంది కాబట్టి వెనక దారి తెరిచి ఉంటుంది. అంతే దాని కిటుకు. మా ఆవిడ దానికి కళ్లెం అని పేరు పెట్టింది. ఇంట్లో ఇప్పుడు అందరూ అదే అంటున్నారు, మా చిన్నోడు కూడా.

పెట్టుకున్న మొదటి రాత్రుల గురించి చెబితే మీకు నవ్వొస్తుంది. నోరు పూర్తిగా మూసుకోదు, చొంగ కారి దిండు తడిసిపోతుంది. నిద్రలో నాకు తెలియకుండానే తీసేసేవాణ్ణి, పొద్దున వెతికితే దుప్పటి మడతల్లో దొరికేది. చెవుల ముందు దవడ కీలు దగ్గర సన్నగా నొప్పి. దంతవైద్యురాలు మాత్రం ఇదంతా మామూలే అన్నది. పడుకునే ముందు ఒక గంట మెలకువగా ఉన్నప్పుడే పెట్టుకుని టీవీ చూడమన్నది. అట్లా చేశాక నిద్రలో తీసేయడం మెల్లగా తగ్గింది. చొంగ కూడా తగ్గింది.

దవడను ఒక్కసారిగా ముందుకు లాగరు. తక్కువతో మొదలుపెట్టి, చిన్న పిన్నుతో స్క్రూ తిప్పుతూ, ప్రతిసారీ మిల్లీమీటరులో ఎంతో కొంత భాగం జరుపుతారు. నాకు తొందరెక్కువ. ఎంత త్వరగా ముందుకు జరిపితే అంత త్వరగా నైట్ ట్రిప్పులు ఎక్కొచ్చని నా లెక్క. దంతవైద్యురాలు ఒప్పుకోలేదు. తొందరపడితే దవడ కీలు వాచి మొత్తానికే పెట్టుకోలేని పరిస్థితి వస్తుందంట. నెలల తరబడి సాగింది ఈ తతంగం.

ఇక పొద్దున సంగతి. ఎవరూ ముందుగా చెప్పనిది, నన్ను బాగా టెన్షన్ పెట్టింది ఇదే. లేచి కళ్లెం తీశాక పళ్ళు ఒకదానిమీద ఒకటి కూర్చోవు. ముందు పళ్ళు అంచుకు అంచు తగులుతాయి, వెనక దవడ పళ్ళ మధ్య సందు ఉంటుంది. ఆ టైములో ఉగ్గాని బజ్జి ముందు పెట్టుకుంటే, ఉగ్గాని ఎట్లాగో మింగొచ్చు గానీ మిరపకాయ బజ్జి తెగదు. కొరికితే పిండి ఊడి చేతికొస్తుంది, మిరపకాయ పళ్ళ మధ్య జారిపోతుంది. రాత్రంతా ముందుకు లాగి పెట్టిన దవడ మళ్ళీ దాని చోటికి రావడానికి కాస్త టైము పడుతుంది. దానికోసం గట్టి ప్లాస్టిక్ ముక్క ఒకటి చేసిచ్చారు. కాసేపు దాన్ని కొరికి పట్టుకుంటే పళ్ళు మెల్లగా పాత వరసకు వస్తాయి. బండి తుడుచుకుంటూ ఆ పని చేసుకుంటాను. మొన్న తెల్లవారి పికప్‌కు కాస్త ముందే పోయి నిలబడితే, నోట్లో ఏదో నములుతున్నానని చూసి ఒక మేడం గుట్కా అనుకున్నారు. "నువ్వు కూడానా అన్నా" అన్నారు. మేడం, అది ఇదే.

ఏళ్ళు గడిచేకొద్దీ కొందరికి పళ్ళ వరస శాశ్వతంగా కొంత మారుతుందని కూడా చెప్పారు. అందుకే ఆరు నెలలకోసారి చూపించుకుంటున్నాను. పళ్ళు కాస్త జరిగినా పర్వాలేదు, ఊపిరి ఆగకుంటే చాలు అనుకున్నాను. మీరైతే ఇంకోలా అనుకోవచ్చు.

గురక తగ్గిందని మొదట తెలిసింది ఇంట్లోవాళ్ళకే. "ఇంకేం, బాగైపోయింది కదా, నైట్ బండి ఎక్కు" అని మా బామ్మర్ది. డాక్టరు మాత్రం గురక ఆగినంత మాత్రాన ఊపిరి ఆగడం తగ్గినట్టు కాదు, కళ్లెం నోట్లో పెట్టుకుని మళ్ళీ రాత్రి పరీక్ష చేయాల్సిందే అన్నాడు. చేయించాం. 22 కాస్తా 6 అయింది. పగటి మత్తు కాగితం మళ్ళీ నింపితే 7. మధ్యాహ్నం భోజనం చేశాక కూడా ఇప్పుడు కళ్ళు మూతపడడం లేదు.

మరి ఇంకా రాత్రి బాడుగకు ఎందుకు రావు అంటారు కదా. కళ్లెం పనిచేసేది నేను పడుకున్నప్పుడే. రాత్రంతా స్టీరింగు పట్టుకుంటే దాన్ని ఎప్పుడు పెట్టుకోవాలి? ఎయిర్‌పోర్టు దాదాపు 180 కిలోమీటర్లు. పోయి రావడం, పార్కింగులో ఎదురుచూడడం అంతా కలిపితే తెల్లారిపోతుంది. తర్వాత పగలు సీట్లో ఓ గంట కళ్లెం లేకుండా కునుకు తీస్తే మళ్ళీ పాత కథే. వారానికి మూడు నాలుగు రాత్రులు అట్లా పోతే ఇన్ని నెలలు పడ్డ పాటు వృథా. డాక్టరు వద్దని చెప్పలేదు, ఇది నా నిర్ణయం. రాత్రి ట్రిప్పులకు ఇక నేను రాను. పొద్దున ఐదు దాటాక బయల్దేరేవి, పగటి ట్రిప్పులు, తిరుపతి, లేపాక్షి, పుట్టపర్తి, వీటన్నిటికీ ఎప్పటిలాగే నేనే ఉంటాను.

రాత్రి బండికి మా ఇద్దరు డ్రైవర్లలో ఒకరు వస్తారు. ఆ ముందు పగలు వాళ్ళకు వేరే ట్రిప్పు వేయను, ఇది గట్టి రూలు. దీనివల్ల పగలు ఒక బండి ఖాళీగా ఉంటుంది కాబట్టి రాత్రి పదకొండు నుంచి పొద్దున ఐదు లోపు బయల్దేరే ట్రిప్పులకు డ్రైవరు బత్తా 400 రూపాయలు పెంచాను. కొందరు పాత కస్టమర్లు ఈ మాట విని వేరే బండి చూసుకున్నారు. వాళ్ళ మీద కోపం లేదు, ఆదాయం తగ్గిన మాట మాత్రం వాస్తవం. డ్రైవర్లిద్దరి చేతా ఆ ఎనిమిది ప్రశ్నల కాగితం నింపించాను. ఇద్దరికీ తక్కువే వచ్చింది. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో అబద్ధం రాయడం చాలా తేలిక కాబట్టి, గురక సంగతి వాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళను కూడా అడిగి కనుక్కున్నాను.

ఈ కళ్లెం ఎక్కడ దొరుకుతుందని దారిలో అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. వేడినీళ్ళలో ముంచి కొరికి మనమే అచ్చు తీసుకునే రకం ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది. అది సరిగ్గా నిలబడదు, దవడను కొద్దికొద్దిగా జరిపే వీలు కూడా చాలావాటికి ఉండదు. ముందు పరీక్ష చేయించుకోండి. అందరి జబ్బూ ఒకటి కాదు. మెదడు నుంచి ఊపిరికి సంకేతం సరిగ్గా అందని రకం కూడా ఉంటుంది, దానికి ఇది పనికిరాదు. పళ్ళు కదులుతున్నవాళ్ళకు, చిగుళ్ళ జబ్బున్నవాళ్ళకు, పూర్తి కట్టుడు పళ్ళవాళ్ళకు కూడా సాధారణంగా కుదరదు. ఉన్నవాళ్ళు మాత్రం చల్లనీళ్ళతో, మెత్తని బ్రష్‌తో, కాస్త సబ్బుతో కడగండి. పేస్టు వాడితే గీతలు పడతాయి. మే నెలలో మన ఊరి ఎండలో నిలబెట్టిన బండి డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టొద్దు, వంకర పోతుంది. నేను దాన్ని టిఫిన్ బాక్సుల సంచిలో, నీళ్ళ సీసా పక్కన పెట్టుకుంటాను.

దసరాకు, దీపావళికి బళ్ళు కావాల్సినవాళ్ళు ముందుగానే చెప్పండి, ఇప్పటికే అడుగుతున్నారు. రాత్రి పది దాటాక ఫోన్ చేస్తే నేను మాట్లాడినా మీకు అర్థం కాదు, కళ్లెం పెట్టుకుని ఉంటాను. మా ఆవిడ ఎత్తుతుంది. పికప్ టైము, ఫ్లైటు టైము, ఎంతమంది, లగేజీ ఎంత, అన్నీ ఆమెకే చెప్పండి. నాకన్నా సరిగ్గా రాసుకుంటుంది. బేరం మాత్రం ఆమె దగ్గర సాగదు.