ఫస్ట్ బెంచీ గురించి, మీ పిల్లల క్లాసు గది గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సెలవులయ్యి బడి తెరిచిన రోజే పిల్లలు ఇంటికొచ్చి "మా క్లాసు మొత్తం మార్చేశారు" అని చెప్పే ఉంటారు. నిజమే, మార్చాం. బెంచీలు జరిపాం, గోడల మీది చార్టులు చాలావరకు తీసేశాం, బోర్డు ముందుండే టీచర్ బల్లని ఓ పక్కకి నెట్టేశాం. ఆ మర్నాటి నుంచే ఆఫీసుకి ఫోన్లు మొదలయ్యాయి. మా అబ్బాయిని వెనక్కి పంపారేంటి, మా పాపని ఫస్ట్ బెంచీలో వేయండి, మీరు ఒక్క మాట చెబితే చాలు... అన్నీ ఇంచుమించు ఇవే. ఒక్కొక్కరికీ ఫోన్లో సగం సగం చెప్పే బదులు అందరికీ ఓసారి వివరంగా రాద్దామని కూర్చున్నాను.

ముందు ఆ ఫస్ట్ బెంచీ సంగతే తేల్చేద్దాం. మీరు అడిగేదాంట్లో అర్థం లేకపోలేదు. 1970లో ఆడమ్స్, బిడిల్ అనే ఇద్దరు పరిశోధకులు క్లాసులు జరుగుతుండగా వీడియో తీసి చూస్తే, టీచర్ అడిగే ప్రశ్నలూ పిల్లలు చెప్పే జవాబులూ ఎక్కువగా ముందు వరుసలోనూ, గది మధ్య నుంచి వెనక్కి వెళ్లే వరుసలోనూ తిరుగుతున్నాయని తేలింది. ఇంగ్లీషు టీ అక్షరం ఆకారం అన్నమాట. ఆ టీకి అవతల, మూలల్లో కూర్చున్న పిల్లలు నోరు విప్పకుండానే పీరియడ్ గడిచిపోతుంది. కాబట్టి ముందు కూర్చుంటే లాభమన్న మీ అనుమానం సరైనదే. కానీ క్లాసులో ఫస్ట్ బెంచీకి పట్టేది కొందరే, ఆ కొందరూ ఎవరంటే ఫోన్ చేసి అడిగినవాళ్ల పిల్లలూ అంటే మిగతావాళ్లకి నేనేం సమాధానం చెప్పాలి?

అందుకని ప్రతి రెండు వారాలకీ సీట్లు మారతాయి, అందరూ ముందుకీ వస్తారు, వెనక్కీ వెళ్తారు. అయితే నా లెక్కలో ఇంతకన్నా ముఖ్యమైనది టీచర్ గదంతా తిరగడం. బల్ల పక్కకి జరిపింది అందుకే. బల్ల ఎదురుగా ఉన్నంతకాలం ఎంత మంచి టీచరైనా తెలియకుండానే దాని చుట్టుపక్కలే ఉండిపోతారు, పైగా వెనక బెంచీ దాకా వెళ్లాలంటే దారి పొడుగునా బ్యాగుల పట్టీలు కాళ్లకి చుట్టుకునేవి. ఇప్పుడు బ్యాగులన్నీ వెనక గోడ దగ్గరికి పోయాయి, బెంచీల మధ్య దారులు వచ్చాయి. ఏ మూల కూర్చున్న పిల్లాడి నోట్‌బుక్ అయినా పక్కవాళ్లని లేపకుండా వంగి చూడగలగాలి, అలా కుదరని బెంచీ ఉంటే దాని చోటు మార్చేయండని టీచర్లకి చెప్పాను. భాగహారం చేస్తున్న పాప పైఅంకెని కిందికి దించడం మర్చిపోతోందా, లేక ఏడో ఎక్కం దగ్గరే తడబడుతోందా అన్నది బోర్డు దగ్గర నిలబడితే తెలియదు. రెండిట్లోనూ జవాబు తప్పే వస్తుంది, కానీ చెప్పాల్సింది మాత్రం వేరు. పక్కన నిలబడి రెండు నిమిషాలు చేతివేలు వెంట చూస్తే ఇట్టే దొరికిపోతుంది.

కొందరికి మాత్రం ఈ మార్పుల నుంచి మినహాయింపు ఉంటుంది. చూపు సరిగా లేనివాళ్లు ముందే ఉంటారు. ఒక చెవి సరిగా వినపడని పిల్లలుంటే, వినపడే చెవి టీచర్ వైపు ఉండేలా చోటు చూస్తాం. ఎడమ చేత్తో రాసేవాళ్లని బెంచీకి ఎడమ చివరే కూర్చోబెడుతున్నాం, లేకపోతే వాళ్ల మోచెయ్యీ పక్కవాడి మోచెయ్యీ పొద్దస్తమానం గుద్దుకుంటూనే ఉంటాయి, అల్లరి చేస్తున్నారని చీవాట్లు ఇద్దరికీ పడతాయి. ఇంకో మాట, మీ అబ్బాయి బోర్డు మీద చూసి రాయాల్సింది పక్కవాడి పుస్తకంలో చూసి రాస్తున్నాడని టీచర్ చెబితే దాన్ని కాపీ కొట్టడం కింద జమకట్టకండి, ముందు కళ్ల పరీక్ష చేయించండి.

ఇక గ్రూపుల విషయం, అంటే కొన్ని పీరియడ్లలో పిల్లల్ని నలుగురేసి ఎదురెదురుగా కూర్చోబెట్టడం. "ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ కూర్చుంటే కబుర్లు తప్ప చదువేం సాగుతుందండీ" అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్నే. 2008లో వన్నార్కా, రూల్ అనే పరిశోధకులు సీట్ల అమరిక మీద అంతకుముందు వచ్చిన అధ్యయనాలని కలిపి చూస్తే, ఎవరి పని వాళ్లు చేసుకోవాల్సినప్పుడు వరుసలే మేలనీ, అల్లరి ఎక్కువ చేసే పిల్లలకి ఆ మేలు మరీ ఎక్కువనీ, చర్చించుకుని చేయాల్సిన పనికి ఎదురెదురుగా కూర్చోవడం బాగుంటుందనీ తేలింది. అంటే వరుసలా, గ్రూపులా అన్న గొడవే అక్కర్లేదు, ఆ పీరియడ్‌లో ఏం చేయబోతున్నారన్న దాన్ని బట్టి బెంచీ తిరగాలి. డిక్టేషన్ రాసేటప్పుడు వరుసలు, సైన్స్ ప్రయోగం చేసేటప్పుడు నలుగురేసి. నేల మీద రంగు టేపు ముక్కలు అతికించాం, ఏ రంగు మీదికి ఏ బెంచీ కాళ్లు రావాలో పిల్లలకి తెలుసు. మొదట్లో నానా హంగామా చేశారు, ఇప్పుడు టీచర్ బోర్డు తుడిచేలోపు సర్దేసి కూర్చుంటున్నారు. గ్రూపుల్లో ఉన్నప్పుడు బోర్డు మీద పొడుగాటి నోట్సు రాయించొద్దని కూడా అనుకున్నాం, సగం మంది మెడలు వెనక్కి తిప్పి రాయాల్సి వస్తుంది కాబట్టి.

చార్టులు తీసేసినందుకు కొందరు నొచ్చుకున్నారు. అర్థం చేసుకోగలను, వాటిలో చాలా చార్టుల మీద అక్షరాలు రాత్రి పదకొండింటికి ఎవరు దిద్దారో మాకు తెలియనిదా! కానీ చూడండి, 2014లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకి కొన్ని పాఠాలు గోడల నిండా బొమ్మలున్న గదిలో, కొన్ని గోడలు ఖాళీగా ఉన్న గదిలో చెప్పి పరీక్ష పెట్టారు. ఖాళీ గోడల మధ్య విన్న పాఠాల్లో 55 శాతం సరైన జవాబులొస్తే, బొమ్మల గదిలో విన్నవాటిలో 42 శాతమే వచ్చాయి. చిన్న అధ్యయనమే, చిన్నపిల్లల మీద చేసినదే, కాబట్టి దీన్ని పట్టుకుని గోడలన్నీ బోసిగా వదిలేయడం కూడా నాకిష్టం లేదు. బ్రిటన్‌లో సాల్ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 27 బడుల్లో 153 గదులు, 3,766 మంది పిల్లల వివరాలతో చేసిన పెద్ద అధ్యయనం 2015లో వచ్చింది. ఏడాదిలో పిల్లల పురోగతిలో కనిపించిన తేడాల్లో 16 శాతం దాకా గది తీరుతో ముడిపడి ఉందన్నారు. వెలుతురు, గాలి, ఇది మా గది అనిపించడం, ఇవన్నీ అందులో భాగమే. గోడల విషయంలో మరీ గజిబిజీ పనికిరాదు, మరీ బోసీ పనికిరాదు, మధ్యస్థంగా ఉండాలని వాళ్ల మాట. మేమూ అదే చేశాం. బోర్డు చుట్టూ ఏమీ ఉండదు. వెనక గోడ మాత్రం పిల్లలదే, అక్కడ ఇప్పుడు నడుస్తున్న పాఠానికి సంబంధించి వాళ్లు స్వయంగా చేసినవి పెడతాం, పాఠం అయిపోగానే తీసి ఇంటికి పంపిస్తాం. గీత వంకరగా ఉన్నా పర్లేదు, వాళ్లు గీసిందే పంపండి.

గాలి, చప్పుడు గురించి కాస్త. తలుపులూ కిటికీలూ మూసిన గదిలో పిల్లలు నిండుగా కూర్చుంటే కార్బన్ డయాక్సైడ్ తేలిగ్గా 1,000 పీపీఎం (అంటే పది లక్షల భాగాల గాలిలో వెయ్యి భాగాలు) దాటుతుంది, బయట గాలిలో ఉండేది 400 పైచిలుకే. మధ్యాహ్నం పీరియడ్‌లో ఆవలింతలకి పాఠం ఒక్కటే కారణం కాదు మరి. అందుకే ప్రతి పీరియడ్ మధ్యలో కిటికీలు తీయిస్తున్నాం. ఇక చప్పుడు: పాఠం జరిగే వేళ గదిలో ఇతరత్రా శబ్దం 35 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. ఆ అంకెకి మేం చాలా దూరంలో ఉన్నాం, దాచడమెందుకు. ప్రస్తుతానికి బెంచీ కాళ్లకి రబ్బరు తొడుగులు వేశాం, కిర్రుమనే మోత చాలా తగ్గింది.

పెన్సిళ్లు, స్కేళ్లు, రబ్బర్లు పిల్లలే లేచి తీసుకునేలా ఒక అరలో పెట్టాం, "మిస్, పెన్సిల్ లేదు" అంటూ పాఠం ఆగడం దాదాపు పోయింది. కాబట్టి మూడంతస్తుల పెన్సిల్ బాక్సులు దయచేసి పంపొద్దు, వాటికి బెంచీ మీద చోటూ లేదు, మూతలు తీసి మూసే చప్పుడు భరించే ఓపిక టీచర్లకీ లేదు.

సీటు మార్చమని ఇకమీదట నాకు ఫోన్ చేయకండి, చేసినా మార్చను. చూపు, వినికిడి, ఇంకేదైనా ఆరోగ్య కారణం ఉంటే మాత్రం డైరీలో రాసి క్లాస్ టీచర్‌కి పంపండి, డాక్టర్ చీటీ ఉంటే జతచేయండి, ఆ రోజే చూస్తారు. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మిమ్మల్ని కుర్చీల్లో కాకుండా మీ పిల్లల సీట్లలోనే కూర్చోబెడతాం. మోకాళ్లు కాస్త పట్టకపోవచ్చు, సర్దుకోండి. అక్కణ్నుంచి బోర్డు మీద రాసింది కనిపిస్తోందా, ఎక్కడైనా వెలుతురు పడి మెరుస్తోందా, వెనక దాకా టీచర్ గొంతు అందుతోందా చూసి బల్ల మీద పెట్టిన కాగితంలో రాసివ్వండి. కనపడని సీటు ఉందని రాస్తే ఆ వారంలోనే సరిచేస్తాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు